మెకానిక్ చీటీలో ఏముంది?

బండి మరమ్మతు మాటలు తెలిస్తే డబ్బు ఆదా.. ప్రాణానికి రక్ష

సాయంత్రం మెకానిక్ షెడ్డుకు వెళ్లేసరికి బండి సిద్ధంగా ఉంటుంది. దాంతోపాటు చేతికి ఒక చీటీ వస్తుంది. ‘రింగులు, హెడ్ గాస్కెట్, ఫేసింగ్, ట్యూనింగ్, లేబరు’ అంటూ వరుసగా అయిదారు మాటలు, వాటి ఎదుట అంకెలు. అడుగున మొత్తం చూడగానే యజమాని గుండె గుభేలుమంటుంది. ‘ఇదేమిటండీ, ఆయిల్ మార్చమని కదా ఇచ్చాను’ అంటే, ‘విప్పితే బయటపడిందండీ’ అని సమాధానం వస్తుంది. అది నిజమే కావచ్చు, కాకపోనూవచ్చు. తేల్చుకునే దారి తెలియక చాలామంది అడిగినంత ఇచ్చి వచ్చేస్తారు. మరికొందరు ‘ఇదంతా డబ్బు గుంజడానికే’ అనుకుని, నిజంగా అవసరమైన బ్రేకు పనిని సైతం వాయిదా వేసి ప్రమాదాన్ని కొనితెచ్చుకుంటారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. చీటీలోని మాట అర్థం కాకపోవడం.

లారీలకు బాడీలు కట్టే విజయవాడ ఆటోనగర్ మొదలు, మండల కేంద్రంలోని చిన్న షెడ్డు వరకు ఎక్కడికి వెళ్లినా వినిపించేవి దాదాపు ఈ మాటలే. చాలావరకు ఇంగ్లిషు నుంచి వచ్చి మెకానిక్‌ల నోట నలిగి తెలుగులో కలిసిపోయినవి. వీటిలో తరచుగా వినిపించే వాటి అర్థమేమిటి, ఆ లోపాన్ని యజమాని స్వయంగా ఎలా గుర్తించవచ్చు, పనికి ఒప్పుకొనే ముందు ఏం అడగాలి అన్నది తెలుసుకుందాం.

ఆయిల్ డబ్బాపై అంకెలు

ఇంజిన్ లోపల ఇనుప భాగాలు నిమిషానికి వేలసార్లు ఒకదానిపై ఒకటి కదులుతాయి. వాటి మధ్య పలుచని పొరగా నిలిచి అరుగుదలను ఆపేదే ఇంజిన్ ఆయిల్. డబ్బాపై 20డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-30 వంటి గుర్తులుంటాయి. డబ్ల్యూ అక్షరం చలికాలాన్ని సూచిస్తుంది. దానికి ముందున్న అంకె ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. తర్వాతి అంకె వంద డిగ్రీల వేడి వద్ద దాని చిక్కదనాన్ని తెలుపుతుంది. అంకె పెరిగితే చిక్కదనం పెరిగినట్లు లెక్క. చిక్కనిదైతే మంచిదనో, ఖరీదైనదైతే మేలనో పోస్తే ప్రయోజనం ఉండదు. వాహనంతో ఇచ్చిన మాన్యువల్ పుస్తకంలో ఏది రాసి ఉందో అదే సరైనది.

మోటార్ సైకిళ్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు కూడా ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. కార్ల కోసం తయారైన కొన్ని ఆయిళ్లలో జారుడు గుణాన్ని పెంచే రసాయనాలు కలుపుతారు. వాటిని బైకులో పోస్తే క్లచ్ జారుతుంది. అందుకే బైకు ఆయిల్ డబ్బాపై ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. ఆయిల్ నల్లబడింది కాబట్టి పాడైందని అనుకోవడం పొరపాటు. మసిని తనలో కలుపుకోవడం దాని పనే కాబట్టి కొద్ది రోజులకే రంగు మారుతుంది, డీజిల్ బండ్లలో మరీ తొందరగా. మార్పుకు కొలమానం రంగు కాదు, తిరిగిన కిలోమీటర్లు, గడిచిన నెలలు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ మార్చాలా అన్నది కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది. డబ్బా సీలు మీ ఎదుటే విప్పమని అడగడంలో తప్పులేదు.

బోరు, రింగులు, గాస్కెట్

బిల్లును వేల నుంచి పదుల వేలకు చేర్చేవి ఈ మూడు మాటలు. ఇంజిన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కదిలే గొట్టమే సిలిండర్. దీన్నే బోరు అంటారు. పిస్టన్‌కు, గోడకు మధ్య సందు లేకుండా మూసేవి పిస్టన్ రింగులు. ఇవి అరిగితే కింది ఆయిల్ పైకి చేరి పెట్రోలుతోపాటు కాలిపోతుంది. సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ రావడం, ఆయిల్ మట్టం తరచుగా తగ్గిపోవడం, బండి లాగకపోవడం దీని లక్షణాలు. వాల్వుల వద్ద ఉండే చిన్న రబ్బరు సీళ్లు గట్టిపడినా నీలిపొగ వస్తుంది. వాటి మార్పు చాలా తక్కువ ఖర్చుతో కూడిన పని. కాబట్టి ‘రింగులు పోయాయి’ అన్నప్పుడు కంప్రెషన్ పరీక్ష చేశారా అని అడగాలి. ప్లగ్ స్థానంలో మీటరు బిగించి సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో చూసే పరీక్ష ఇది. ఇంజిన్ విప్పకుండానే నిమిషాల్లో పూర్తవుతుంది.

సిలిండర్ గోడ ఒకవైపు ఎక్కువ అరిగి కోలగా మారితే కొత్త రింగులు వేసినా ఫలితం ఉండదు. అప్పుడు లేత్ వర్క్స్‌లో గోడను సమానంగా చెక్కి కొద్దిగా పెద్దది చేస్తారు. ఇదే ‘బోరింగ్’. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు చొప్పున పెంచి, ఆ కొలతకు తగ్గ పెద్ద పిస్టన్ వేస్తారు. కొన్ని కొత్త తరం బైకుల్లో సిలిండర్ గోడకు ప్రత్యేకమైన పూత ఉంటుంది. వాటిని చెక్కడం కుదరదు, బ్లాకు, పిస్టన్ కలిపి కిట్టుగా మార్చాల్సిందే.

ఇంజిన్ బ్లాకుకు, పైనున్న హెడ్‌కు మధ్య ఉండే పలుచని పొర హెడ్ గాస్కెట్. మంట, నీరు, ఆయిల్ దేని దారిలో అది పోయేలా చూస్తుంది. కారు ఇంజిన్ విపరీతంగా వేడెక్కినప్పుడు ఇది కాలిపోతుంది. అప్పుడు రేడియేటర్‌లోని కూలెంట్ ఆయిల్‌లో కలిసి, ఆయిల్ పాలు కలిపిన తేనీటి రంగుకు మారుతుంది. సైలెన్సర్ నుంచి తెల్లని దట్టమైన పొగ ఆగకుండా వస్తుంది. చలికాలం ఉదయాన కొద్దిసేపు కనిపించే తెల్లని ఆవిరికి భయపడాల్సిన పనిలేదు. ‘ఫేసింగ్’ అంటే వేడికి వంగిన హెడ్ అడుగు భాగాన్ని యంత్రంపై చదును చేయడం. వంపు ఉందో లేదో ఉక్కు స్కేలు ఆనించి, సందులో పలుచని కొలత రేకు దూర్చి చూస్తారు. ఆ పరీక్షను చూపించమని యజమాని కోరవచ్చు.

ఇక నల్లని పొగ వస్తుంటే ఇంధనం అవసరానికి మించి పోతోందని, లేదా గాలి సరిగా అందడం లేదని అర్థం. ముందుగా ఎయిర్ ఫిల్టర్ చూడాలి. ఇంజిన్ విప్పాలన్న మాట ఆ తర్వాతే.

ట్యూనింగ్ ఇప్పుడు ఉందా?

కార్బ్యురేటర్‌లో పెట్రోలు, గాలి పాళ్లను స్క్రూ తిప్పి సరిచేయడం, ప్లగ్ శుభ్రపరిచి సందు సరిచూడడం ఒకప్పటి ట్యూనింగ్. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత తయారైన ద్విచక్ర వాహనాల్లో దాదాపు అన్నింటికీ కార్బ్యురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇందులో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ సెన్సర్లు ఇచ్చే సమాచారాన్ని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయిస్తుంది. చేతితో తిప్పడానికి పాత స్క్రూ ఉండదు. ఇంజెక్షన్ ఉన్న బండి బిల్లులో ‘కార్బ్యురేటర్ క్లీనింగ్’ అని కనిపిస్తే అది ఏ పనో వివరం అడగాలి. ఇంజెక్షన్ బండ్లలో థ్రాటిల్ బాడీ, ఇంజెక్టర్ శుభ్రపరచడం నిజమైన పనులే. అయితే లక్షణం లేకుండా ప్రతి సర్వీసులోనూ అవి చేయాల్సిన అవసరం ఉండదు.

నీళ్లు చాలవా?

కారు ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవమే కూలెంట్. నీటిలో గ్లైకాల్ అనే రసాయనం, తుప్పును అడ్డుకునే పదార్థాలు కలిపి దీన్ని తయారు చేస్తారు. మాకు మంచు పడదు కదా, నీళ్లు చాలవా అని కొందరు అంటుంటారు. కూలెంట్ మరిగే ఉష్ణోగ్రత నీటికంటే ఎక్కువ. బోరు నీటిలోని సున్నం పేరుకుపోయి రేడియేటర్ సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. మే నెల ఎండలో నలభై డిగ్రీలు దాటే మన జిల్లాల్లో కూలెంట్ అవసరం చలి దేశాలకు ఏమాత్రం తీసిపోదు.

రేడియేటర్ మూత కుక్కర్ మూత వంటిది. లోపల ఒత్తిడి నిలిపి ద్రవం మరగకుండా చూస్తుంది. బండి వేడెక్కినప్పుడు ఆ మూత తీస్తే మరిగే నీరు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలిపోతాయి. ఉష్ణోగ్రత ముల్లు పైకి వెళ్లినా, ఎర్ర దీపం వెలిగినా బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. పూర్తిగా చల్లారాకే మూతపై చేయి వేయాలి. ‘షెడ్డు దగ్గరలోనే ఉంది, వెళ్లిపోదాం’ అని ఆ స్థితిలో నడిపితే కొద్ది ఖర్చుతో పోయే రబ్బరు గొట్టం పని కాస్తా హెడ్ గాస్కెట్, ఫేసింగ్ వరకు వెళుతుంది. థర్మోస్టాట్, వాటర్ పంపు, ఫ్యాను మోటారు... వీటిలో ఏది పోయినా వేడెక్కుతుంది. ఏది పోయిందో తేల్చకుండా అన్నీ మార్చాలనడం సరికాదు.

టైమింగ్ బెల్ట్ కొన్ని కార్లలో మాత్రమే ఉండే రబ్బరు పట్టీ. మిగిలిన వాటిలో దీని స్థానంలో గొలుసు ఉంటుంది. పిస్టన్, వాల్వుల కదలికను ఒకే లయలో ఉంచడం దీని పని. ఇది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి. ముందుగా సూచన ఇవ్వదు కనుక మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్లకు మార్చడమే మార్గం. పైకి బాగానే ఉంది కదా అని వదిలేయకూడని పనుల్లో ఇది ఒకటి. పాత కారు కొనేవారు మొదట అడగాల్సిన ప్రశ్నల్లో ‘బెల్ట్ ఎప్పుడు మార్చారు’ అన్నది ఉండాలి.

క్లచ్ జారితే

ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు కలిపేది, విడదీసేది క్లచ్. క్లచ్ ప్లేటు అరిగితే ఇంజిన్ శబ్దం పెరుగుతుంది కానీ వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. దీన్నే క్లచ్ స్లిప్ అంటారు. గేరు పడడం కష్టంగా ఉంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. అప్పుడు తప్పు ప్లేటుదే కానక్కర్లేదు. కేబుల్ సర్దుబాటుతోనే సరిపోవచ్చు. ముందుగా ‘ఫ్రీ ప్లే’ చూడమని అడగాలి. లివర్ నొక్కినప్పుడు పట్టు మొదలయ్యే ముందు ఉండే కొద్దిపాటి వదులే ఫ్రీ ప్లే.

కారులో ప్లేటు ఒక్కటే పోతే ‘క్లచ్ సెట్’ మొత్తం ఎందుకు మార్చాలంటున్నారని చాలామందికి అనుమానం. సెట్‌లో క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఉంటాయి. వీటిని చేరాలంటే గేర్‌బాక్స్ దించాలి. లేబరు భారం అక్కడే. ఆరు నెలలకు బేరింగ్ పోయి మళ్లీ దించే బదులు ఒకేసారి మూడూ మార్చడం సాధారణంగా లాభదాయకమే. ఇక్కడ మెకానిక్ మాటలో న్యాయం ఉంది. క్లచ్‌పై పాదం ఆనించి నడిపే అలవాటు మానుకుంటే ఈ ఖర్చు చాలాకాలం వాయిదా పడుతుంది.

వాయిదా వేయకూడనివి బ్రేకులు

డిస్క్ బ్రేకులో రేకును రెండువైపులా బిగించి పట్టేవి ప్యాడ్లు. డ్రమ్ము బ్రేకులో లోపలి నుంచి నెట్టేవి షూలు. వీటికి అతికించి ఉండే లైనింగ్ అరుగుతుంది. చాలా కార్ల ప్యాడ్లలో చిన్న ఇనుప పట్టీ ఉండి, లైనింగ్ పలుచబడగానే డిస్కుకు తగిలి కీచుమని శబ్దం చేస్తుంది. అది హెచ్చరిక. దాన్ని పట్టించుకోకపోతే కొంతకాలానికి గరగరమని ఇనుము ఇనుముతో రాసుకునే శబ్దం మొదలవుతుంది. అప్పటికి డిస్కు కూడా పాడవుతుంది. ప్యాడ్లతో పోయేది డిస్కుల ధరకు చేరుతుంది. డిస్కు ఎంత పలుచబడితే మార్చాలో ఆ కొలత చాలావరకు దాని అంచుపైనే ముద్రించి ఉంటుంది.

మనం బ్రేక్ ఆయిల్ అని పిలిచేది నిజానికి నూనె కాదు. పాదం నొక్కిన ఒత్తిడిని చక్రం వరకు చేర్చే ప్రత్యేక ద్రవం. డబ్బాపై డాట్ 3, డాట్ 4 అని ఉంటుంది. తాజా డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల వరకు, డాట్ 4 కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదన్నది ప్రమాణం. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే డాట్ 3 కనీస హద్దు 140 డిగ్రీలకు, డాట్ 4 హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. శ్రీశైలం, తిరుమల, అరకు వంటి ఘాట్ రోడ్లలో దిగేటప్పుడు అదే పనిగా బ్రేకు నొక్కితే ఈ ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడల్ నేలకు తాకుతుంది, బండి ఆగదు. అందుకే చాలా వాహనాల్లో సుమారు రెండేళ్లకోసారి ఈ ద్రవాన్ని మార్చమంటారు. దిగుడులో తక్కువ గేరులో నడపమనడానికీ కారణం ఇదే. పొరపాటున కూడా బ్రేకు డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోయకూడదు. రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకులు మొత్తం విఫలమవుతాయి.

‘ఎయిర్ పట్టింది, బ్లీడింగ్ చేయాలి’ అంటే గొట్టాల్లో చేరిన గాలి బుడగలను ద్రవంతోపాటు బయటకు తీయడం. పెడల్ స్పాంజిలా మెత్తగా అనిపించి, రెండు మూడుసార్లు నొక్కితే గట్టిపడడం దీని లక్షణం. ఆగి ఉన్న కారులో పెడల్‌ను అలాగే నొక్కి పట్టుకున్నప్పుడు నెమ్మదిగా కిందికి జారిపోతుంటే మాస్టర్ సిలిండర్ సీళ్లు అనుమానించాలి. ద్రవం మట్టం తగ్గుతుంటే పైన పోసి ఊరుకోకూడదు. ప్యాడ్లయినా అరిగి ఉండాలి, ఎక్కడైనా కారుతూ అయినా ఉండాలి.

ఏబీఎస్ అనేది గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుని జారకుండా, సెకనుకు అనేకసార్లు పట్టు వదిలి మళ్లీ పట్టే ఏర్పాటు. సీబీఎస్‌లో ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పని చేస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకు లోపు వాటికి సీబీఎస్ గానీ, ఏబీఎస్ గానీ ఉండాలన్నారు. ఏబీఎస్ పనిచేసేటప్పుడు పెడల్ వణికినట్లు అనిపిస్తుంది. బెదిరి కాలు తీయకూడదు. బండి కదిలాక కూడా ఏబీఎస్ దీపం ఆరకపోతే మామూలు బ్రేకులు సాధారణంగా పనిచేస్తాయి. జారకుండా కాపాడే రక్షణ మాత్రం ఉండదు. ఆ దీపం వెలగకుండా వైరు తీసేయడం మరమ్మతు కాదు.

టైరు చెప్పే వివరాలు

టైరు పక్క గోడపై 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకుందాం. వెడల్పు 185 మిల్లీమీటర్లు. పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్ రకం. 15 అంగుళాల రిమ్ముకు సరిపోతుంది. 88 అన్నది బరువు సూచిక, ఒక్కో టైరు 560 కిలోల వరకు మోయగలదని అర్థం. హెచ్ అక్షరం గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లని చెబుతుంది. మరోచోట నాలుగు అంకెలు విడిగా ఉంటాయి. 2423 అని ఉంటే 2023వ సంవత్సరం 24వ వారంలో తయారైందన్నమాట. కొత్త టైరు కొనేటప్పుడు ఈ నాలుగంకెలు తప్పక చూడాలి.

కారు టైరు గాళ్ల మధ్య అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరిందని అర్థం. ఇక వర్షంలో నీటిని చిమ్మే శక్తి ఉండదు. అప్పుడు టైరు మార్చాల్సిందే.

‘అలైన్‌మెంట్’, ‘బ్యాలెన్సింగ్’ ఒకటే అనుకుంటారు. కాదు. చక్రాలు తిన్నగా, సరైన కోణంలో నిలిచేలా సరిచేయడం అలైన్‌మెంట్. స్టీరింగు వదిలితే బండి ఒకవైపు లాగడం, టైరు ఒక అంచునే అరగడం దీని లోపాలు. చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేలా రిమ్ముకు గ్రాముల లెక్కన చిన్న తూకాలు అతికించడం బ్యాలెన్సింగ్. ఒక వేగానికి చేరినప్పుడే స్టీరింగు వణకడం దీని లోపం. లక్షణాన్ని బట్టి ఏది అవసరమో యజమానే చెప్పగలడు. అలైన్‌మెంట్ చేశాక ముందు, తర్వాత కొలతలున్న కాగితం ఇవ్వమనాలి. నైట్రోజన్ గాలి విషయానికొస్తే, మామూలు గాలిలోనే సుమారు 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. అదనపు రుసుము పెట్టి నింపించుకోవడం కంటే క్రమం తప్పకుండా గాలి చూసుకోవడమే టైరుకు మేలు.

బ్యాటరీయా, డైనమోనా?

ఉదయాన్నే బండి కదలకపోతే ‘బ్యాటరీ పోయింది’ అన్న తీర్పు వెంటనే వస్తుంది. నిజానికి బ్యాటరీ విద్యుత్తును నిల్వ చేస్తుంది, ఆల్టర్నేటర్ దాన్ని నింపుతుంది. దీన్నే పాత అలవాటుగా డైనమో అంటున్నాం. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌ను తిప్పుతుంది. చవకగా దొరికే మల్టీమీటరుతో తేడా తేల్చవచ్చు. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక పూర్తిగా నిండిన 12 వోల్టుల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. నడుస్తున్నప్పుడూ 12 దగ్గరే ఆగితే తప్పు నింపే వైపు ఉంది. కొత్త బ్యాటరీ వేసినా అది కూడా దిగిపోతుంది. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ను పెంచి తగ్గిస్తుంది కాబట్టి ఒక్క అంకెను చూసి నిర్ణయానికి రాకూడదు. టెర్మినళ్లపై పేరుకున్న తెల్లని పొడిని శుభ్రం చేసి బిగిస్తేనే కొన్నిసార్లు సమస్య తీరిపోతుంది. పాత బ్యాటరీకి తుక్కు విలువ ఉంటుంది. కొత్తదాని ధరలో దాన్ని తగ్గించారో లేదో చూసుకోవాలి.

స్కానర్ తీర్పు కాదు.. సూచన

డాష్‌బోర్డుపై ఇంజిన్ బొమ్మ దీపం పసుపు రంగులో వెలిగితే కంప్యూటర్ ఏదో లోపాన్ని నమోదు చేసిందని అర్థం. మెకానిక్ స్కానర్ తగిలించి లోపం సంఖ్య చదువుతాడు. ఉదాహరణకు పీ0300 అంటే సిలిండర్లలో మంట సక్రమంగా అంటుకోవడం లేదని. అయితే కారణం ప్లగ్ కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, గాలి లీకేజీ కావచ్చు. సంఖ్య లోపం ఎక్కడ కనిపించిందో చెబుతుంది. ఏ భాగం మార్చాలో చెప్పదు. ‘స్కానర్‌లో వచ్చింది, సెన్సర్ మార్చాలి’ అంటే వైరింగు, కనెక్టరు చూశారా అని అడగాలి. ఆ సంఖ్యను రాసి ఇవ్వమనాలి. మరోచోట రెండో అభిప్రాయం తీసుకోవడానికి అది పనికొస్తుంది.

దీపాల రంగు గుర్తుంటే చాలు. ఎరుపు అంటే వెంటనే ఆగమని. పసుపు అంటే త్వరలో చూపించమని. ఎర్రని ఆయిల్ గుర్తు వెలిగితే ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

డీజిల్ బండ్లలో యూరియా ద్రవం

బీఎస్-6 డీజిల్ వాహనాల్లో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. పేరుకున్న మసిని అది తనంతట తానే కాల్చేసుకుంటుంది. అందుకు కొంతసేపు నిలకడైన వేగం కావాలి. రోజూ ఊళ్లోనే రెండు కిలోమీటర్లు తిరిగే డీజిల్ కార్లలో ఇది మూసుకుపోతుంది. దీపం వెలిగినప్పుడు మాన్యువల్ చెప్పిన విధంగా హైవేపై కొంతసేపు నడిపితే చాలాసార్లు సరిపోతుంది.

లారీలు, కొన్ని కార్లలో విడిగా పోసే ‘యాడ్‌బ్లూ’ లేదా డీఈఎఫ్ ద్రవంలో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది లవణాలు తీసిన నీరు ఉంటాయి. పొలానికి వేసే యూరియాను నీళ్లలో కలిపి పోస్తే చాలదా అన్న ఆలోచన ప్రమాదకరం. మన దేశంలో వ్యవసాయ యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. ఆ మలినాలు ఖరీదైన ఉత్ప్రేరక భాగాన్ని పాడుచేస్తాయి. పైగా రాయితీ ఎరువును ఇతర అవసరాలకు మళ్లించడం నేరం.

ఒరిజినల్, లోకల్

విడిభాగాల్లో మూడు రకాలున్నాయి. వాహన కంపెనీ పేరుతో పెట్టెలో వచ్చేవి మొదటి రకం. ఆ కంపెనీకి భాగాలు సరఫరా చేసే తయారీదారు తన సొంత పేరుతో అమ్మేవి రెండో రకం. ఇవి తరచుగా నాణ్యతలో తీసిపోవు, ధర తక్కువ. పేరున్న సంస్థ ముద్రను అనుకరించే నకిలీలు మూడో రకం. సీటు కవరు, అద్దం వంటి వాటిలో ధర చూసుకున్నా ఫరవాలేదు. బ్రేకులు, స్టీరింగు, టైర్ల విషయంలో చవకకు పోవడం ప్రాణాలతో చెలగాటమే. భాగంతోపాటు పెట్టె, పాత భాగం కూడా ఇవ్వమని ముందే చెప్పాలి. పాతది చేతిలోకి వస్తే అరుగుదల కంటికే కనిపిస్తుంది, మార్చారో లేదో అన్న సందేహం మిగలదు.

బిల్లు మీ హక్కు

పని మొదలుపెట్టక ముందే అంచనా చీటీ తీసుకోవాలి. అందులో భాగాల ధర, లేబరు విడివిడిగా ఉండాలి. ‘విప్పితే మరేదైనా బయటపడితే ఫోన్ చేసి చెప్పాకే చేయండి’ అని స్పష్టం చేయాలి. విప్పితేనే తెలిసే లోపాలు నిజంగానే ఉంటాయి. అలాగే లోపం కనిపెట్టడానికి పట్టిన సమయానికి మెకానిక్ రుసుము అడగడం కూడా న్యాయమే. ఏ భాగమూ మార్చకుండా వైరు సరిచేసి బండి కదిలించిన పనివాడికి డబ్బివ్వడానికి వెనుకాడితే, మరుసటిసారి అతడు భాగం మార్చే చూపిస్తాడు.

వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద డబ్బు తీసుకుని చేసే మరమ్మతు కూడా సేవే. వస్తువుకు గానీ, సేవకు గానీ బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. సేవలో లోపం ఉంటే ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలుంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపుంటే రుసుము లేదు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. వాణిజ్య అవసరాలకు ఈ చట్టం వర్తించదు. అయితే సొంత ఆటో నడిపి కుటుంబాన్ని పోషించుకునే డ్రైవరు స్వయం ఉపాధి కిందికి వస్తాడు, అతనికీ ఈ రక్షణ ఉంది. వీటన్నింటికీ చేతిలో బిల్లు ఉండాలి. తెల్ల చీటీపై బేరమాడి కొంత తగ్గించుకున్నామని సంతోషిస్తే, తర్వాత అడిగే హక్కును వదులుకున్నట్లే.

ఈ ప్రశ్నలు గుర్తుంచుకోండి

* లోపం ఏమిటి? ఏ పరీక్షతో తేల్చారు? నాకు చూపించగలరా?
* ఇప్పుడే చేయాలా, కొంతకాలం ఆగవచ్చా? ఆగితే ఏం జరుగుతుంది?
* వేస్తున్న భాగం ఏ రకం? పెట్టె, పాత భాగం ఇస్తారా?
* భాగాల ధర ఎంత? లేబరు ఎంత?
* చేసిన పనికి ఎంతకాలం హామీ?

నిజాయతీగా పనిచేసే మెకానిక్‌కు ఈ ప్రశ్నలు ఇబ్బంది కలిగించవు. అడిగిన వెంటనే చేతులు తుడుచుకుని బానెట్ దగ్గరకు తీసుకెళ్లి చూపిస్తాడు. అలా చూపించే మనిషి దొరికితే ఆ షెడ్డును విడవకండి. ప్రశ్నకు విసుక్కునే చోట మాత్రం తాళం చెవి ఇచ్చే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.